ఇత్తడి గొట్టంలో మాట

పోయిన వారం మనం వదిలిపెట్టిన చోట అన్నపూర్ణ సామాన్లు సర్దుకుంటోంది. తార్నాకలో అద్దె వాటా ఖాళీ చేసి, భర్త రాఘవేంద్రకు యూనివర్సిటీ వాళ్లిచ్చిన క్యాంపస్ క్వార్టర్‌కు మారిపోతున్నారు. ఉద్యోగుల సంఘం కుటుంబాలన్నిటినీ కలిపి విశాఖపట్నం తీసుకెళ్లి, అక్కడ రేవులో జనం చూడ్డానికి భద్రపరిచి ఉంచిన పాత యుద్ధనౌకను చూపించి తీసుకొచ్చి వారం అయింది. వెళ్లొచ్చిన నాటి నుంచి ఒక్క సంగతే ఆమెకు అంతుపట్టడం లేదు. గోడకు అవతలి వాటాలో ఉండే సారలమ్మ, పొద్దున లేస్తే పెరటి తలుపు తోసుకుని "చెల్లె, పొయ్యి ముట్టించినవా" అంటూ వచ్చే మనిషి, ఇటు తొంగి చూడటం మానేసింది.

అన్నపూర్ణ దానికి తనకు నచ్చిన కారణం ఒకటి కనిపెట్టుకుంది. మేము పోతున్నామని బెంగ పెట్టుకుని ఉంటుంది పాపం అనుకుంది. మరుసటి రోజు ఇంకొకటి తోచింది. బెంగ కాదు, కుళ్లు. భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మనిషికి, పక్కింటివాళ్లు తోటా అరుగూ ఉన్న క్వార్టర్‌కు పోతుంటే కాస్త కుళ్లు ఉండదా మరి? యాత్రకు వచ్చిన మిగతా ఆడవాళ్లు కూడా వారం రోజులుగా కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే పొడిపొడిగా మాట్లాడి వెళ్లిపోతున్నారు. వాళ్లదీ అదే జబ్బని తేల్చేసింది. మనిషికి తన మీద తనకు అంత నమ్మకం ఉండటం కూడా ఒక రకంగా అదృష్టమే, అది ఉన్నంతసేపు.

ఆ ఆదివారం ఉదయం రాఘవేంద్ర ఊరి నుంచి దిగాడు. పరీక్షల డ్యూటీ మీద కర్నూలు వెళ్లిన మనిషి, యాత్రకు రాలేకపోయాడు. స్నానం చేసి, కాఫీ గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చోగానే టీవీ మీద తెల్ల టోపీ కనిపించింది. చుట్టూ నీలం అంచు, ముందు లంగరు బొమ్మ. పిల్లలు పెట్టుకునే సైజు.

"అది మన హారిక గెలుచుకుంది" అంది అన్నపూర్ణ, గాజు గ్లాసులకు పాత పేపర్లు చుడుతూ. "ఓడలో పిల్లలకి ఆట పెట్టారు. అంతమందిలో దీనికే ఇచ్చారు."

ఆ మాట ఆమె వారంలో ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు. పాలవాడికి చెప్పింది. ఇస్త్రీ బండి దగ్గర చెప్పింది. క్యాంపస్‌లో తమకు పక్క క్వార్టర్ అయ్యే ప్రొఫెసర్ గంగాధర్ గారి భార్య అమృతమ్మకు పనిగట్టుకుని ఫోన్ చేసి మరీ చెప్పింది. అమృతమ్మ కూడా యాత్రకు వచ్చింది కానీ, టోపీ ఇచ్చేటప్పుడు ఓడలో కింద, ఆట జరిగిన చోట లేదు మరి.

రాఘవేంద్ర కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. హారికకు ఏడేళ్లు. ముందరి పళ్లు రెండు ఊడి, కొత్తవి సగం వచ్చాయి.

"టోపీ నీకే ఎందుకిచ్చినారు పాపా? ఏం ఘనకార్యం చేసినావు?"

"గొట్టం ఆట నాన్నా" అంది హారిక. "ఓడల మీద గది ఉంటది కదా, గాడికెల్లి కెప్టెన్ గొట్టంల మాట్లాడుతడు. కింద ఇంజన్ కాడ మనం చెవు పెట్టి వినాలె. విన్నది విన్నట్టు గట్టిగ మళ్ల చెప్పాలె. ఒక్క మాట ఇడ్సిపెట్టినా ఓడ మునుగుతదంట."

"ఉంటుంది అనాలి. ఉంటది కాదు" అంది అన్నపూర్ణ అలవాటు కొద్దీ.

"మరి నీకు గొట్టంలో ఏం వినపడింది?" అన్నాడు రాఘవేంద్ర.

"అందరికీ ఒకటి రెండు మూడు, జనగణమన, గవే వచ్చినయ్. నాకు మాత్రం మస్తు పెద్దది వచ్చింది. నేను మొత్తం చెప్పిన. చెప్పాల్నా?"

టీవీ మీది టోపీ తీసి నెత్తిన పెట్టుకుంది. మడమలు కలిపి నిటారుగా నిలబడింది. గుక్క తిప్పుకుని, బడిలో పద్యం అప్పజెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

"పిల్ల మాటలు వినలేక చస్తున్నానండీ. నోరు తెరిస్తే గీడ, గాడ. అంతా ఆ పక్కవాటా ఆవిడ పెంపకం."

రాఘవేంద్ర నవ్వాడు. అన్నపూర్ణ కూడా నవ్వబోయింది. ఎక్కడో విన్న మాటల్లా ఉన్నాయే అనుకుంది.

"అందుకే క్వార్టర్ కోసం మా ఆయన వెంటబడ్డాను. ఆవిడకేమో, యూనివర్సిటీ రూలు, ఖాళీ చేయక తప్పదని చెప్పాను. లేకపోతే పిల్లని వదిలే మనిషి కాదు. ఇక్కడికి కూడా, పిల్లని ఎత్తుకోవడానికి ఒక మనిషి ఉంటుందని టికెట్టు తీసి తీసుకొచ్చాను."

అన్నపూర్ణ చేతిలో పేపరు అలాగే ఉండిపోయింది.

"పరాయి పిల్లల్ని వాటేసుకోవడం ఆవిడకి అలవాటేనండీ. ఆ కరుణ మాత్రం ఆవిడ కన్నబిడ్డా ఏమిటి? లాలాపేట్‌లో మంత్రసాని ఇంట్లో ఎవరో కని వదిలేసిపోతే తెచ్చుకుంది. ఆ పిల్లకే తెలియదు." హారిక సెల్యూట్ కొట్టింది. "అయిపోయింది. నేవీ అంకుల్ చప్పట్లు కొట్టిండు. గంత పెద్దది తప్పు లేకుండ ఎవ్వరు చెప్పలేదని టోపీ ఇచ్చిండు."

ఆ నేవీ అంకుల్ మలయాళీ. తెలుగు ముక్క రాదు. ఆపకుండా గలగలా అప్పజెప్పిన పిల్లకు బహుమతి ఇచ్చాడు. అతని తప్పేముంది?

రాఘవేంద్ర గ్లాసు కింద పెట్టి, చాలా మెల్లగా అడిగాడు.

"నువ్వు చెప్పేటప్పుడు కింద ఎవరెవరుండారమ్మా?"

"అందరున్నరు. సారలమ్మ పెద్దమ్మ, టైపిస్ట్ ఆంటీ, వాళ్ల పిల్లలు. నాకు గొట్టం అందకపోతే కరుణక్క ఎత్తుకున్నది. అక్క పేరు వచ్చిందని నేను ఇంక గట్టిగ చెప్పిన."

అన్నపూర్ణకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు గుర్తొచ్చింది అన్నీ. ఆ ఓడ ఎక్కేటప్పుడు ఎంత సంబరపడింది తను. యుద్ధం చూసిన ఓడ అన్నారు గానీ, లోపల పిల్లల కోసం తిరునాళ్లలా ముస్తాబు చేసి ఉంచారు. ఫిరంగి చక్రం తిప్పుకోవచ్చు, గంట కొట్టుకోవచ్చు, నావికులు పడుకునే వేలాడే మంచాల్లోకి పిల్లలు ఎక్కి దొర్లొచ్చు. వంటగదిలో పిండి కలుపుతున్న నావికుడి బొమ్మకు హారిక చేయి అందించి నమస్తే చెప్పింది. సారలమ్మ మాత్రం ప్రతి ఇనుప మెట్టూ పట్టుకుని దిగుతూ, ఇంత నీళ్ల మీద ఇంత ఇనుము ఎట్ల నిలవడుతది బిడ్డా అని కరుణను అడుగుతూ ఉంది. కరుణ అదే యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. చదువుతోంది. ఆమె వివరంగా చెబుతుంటే సారలమ్మ వినకుండా కూతురి మొహమే చూస్తూ మురిసిపోతోంది.

అమృతమ్మ ఒక్కతే పైన కెప్టెన్ గది చూడ్డానికి వెళ్తుంటే అన్నపూర్ణ వెంట వెళ్లింది. ప్రొఫెసర్ గారి భార్యతో ఏకాంతంగా నాలుగు మాటలు మాట్లాడే అవకాశం మళ్లీ దొరకదు కదా. పైన గాలి హాయిగా ఉంది. సముద్రం కనిపిస్తోంది. అద్దాల పక్కన గ్రామఫోను బూర లాంటి మూతి ఉన్న ఇత్తడి గొట్టం ఒకటి గోడలోంచి వచ్చి ఉంది. దాని మూత ఎవరో పిల్లలు తెరిచి వదిలేసి పోయారు. అన్నపూర్ణ దాని మీద మోచెయ్యి ఆనించుకుని నిలబడింది.

"మీ పాప బాగా చలాకీగా ఉంది గానీ, మాట పూర్తిగా లాలాపేట్ మాటండీ. మన క్యాంపస్ పిల్లల్లో కలవడం కష్టమవుతుందేమో" అంది అమృతమ్మ. ఆవిడ తిట్టలేదు, వెటకారమూ చేయలేదు. ఊరికే అంది.

ఆ ఊరికే అన్న మాటకే అన్నపూర్ణ చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు ఆ మంట పాతది. కర్నూలు నుంచి గుంటూరు కాలేజీకి చదువుకోడానికి వెళ్లిన రోజుల్లో, ఆమె నోరు తెరవగానే హాస్టల్ పిల్లలు ఒకర్నొకరు చూసుకుని నవ్వేవారు. ఒక ఏడాది పాటు భయపడి, నోరు కట్టేసుకుని, ఒక్కో మాటా దిద్దుకుని, చివరికి రేడియోలో వార్తలు చదివేవాళ్లలా తయారైంది. అంత పడి కూడా బుద్ధి రాలేదా అంటే, రాలేదు. నవ్వులపాలైన మనిషి ఇంకొకరిని నవ్వనివ్వకుండా అడ్డుపడాలి గానీ, ఆమె తన పక్కనున్న మనిషిని ముందుకు తోసింది. తప్పు నాది కాదండీ, ఆవిడది అని చెప్పుకోవడానికి ఆరాటపడిపోయింది. అమృతమ్మ ఊ కొడుతూ వింటోంది. వినేవాళ్లుంటే మాటకు మాట తోడవుతుంది. చెప్పగూడని మాట చివర్లో వచ్చింది. అది చెబితే అమృతమ్మ కళ్లు పెద్దవవుతాయని తెలిసే చెప్పింది.

అవి నిజంగానే పెద్దవయ్యాయి. కింద ఆ సమయంలో ఏం జరుగుతోందో ఇప్పుడు తెలిసింది.

"కరుణ సంగతి నిజమేనా?" అన్నాడు రాఘవేంద్ర.

ఆమె తల ఊపింది.

"నీకెట్ల తెలుసు?"

"ఆమే చెప్పింది. హారిక కడుపున పడకముందు, నాకు రెండుసార్లు పోయి, నేను అన్నం మానేసి పడుకున్నప్పుడు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది."

"ఇన్నేళ్లూ నాకు కూడా చెప్పలేదు నువ్వు."

"చెప్పొద్దంది కదా."

రాఘవేంద్ర ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. ఆయన లేచి, కూతురి నెత్తి మీది టోపీ తీసి, "దీన్ని లోపల పెట్టు పాపా" అని మాత్రం అన్నాడు.

"ఎందుకు? నేను తప్పు చెప్పిన్నా?"

"లేదమ్మా. ఒక్క తప్పు కూడా చెప్పలేదు."

అన్నపూర్ణ పెరట్లోకి వచ్చి కొళాయి గట్టు మీద కూర్చుంది. వారం రోజులుగా తను కుళ్లు అనుకున్నది ఏమిటో, కూరగాయల బండి దగ్గర ఆడవాళ్లు ఎందుకు మొహం తిప్పుకున్నారో ఒక్కొక్కటీ అర్థమవుతుంటే ఒళ్లు చచ్చిపోతోంది. టోపీ చూపించి గొప్పలు పోయింది వాళ్లకే. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. తిరుగు ప్రయాణంలో రైల్లో హారికకు జలుబు చేసి పేచీ పెడితే, సారలమ్మ తన శాలువా కప్పి, ఒడిలో పడుకోబెట్టుకుని, సికింద్రాబాద్ వచ్చేదాకా కాళ్లు కదపకుండా కూర్చుంది. అప్పటికి అంతా వినేసి ఉంది ఆమె. అన్నీ విని, పిల్ల నిద్ర చెడకుండా కూర్చుంది. తను ఎదురు సీటులో అమృతమ్మ ఇచ్చిన కమలాపండు వలుచుకుని తింది.

సిగ్గుతో చచ్చిపోవడం అంటే ఉత్త మాటనుకునేది అన్నపూర్ణ. ఆ గట్టు మీద కూర్చుని, నిజంగానే తను అక్కడ లేకుండా పోతే బాగుండుననుకుంది.

ఎంతసేపు కూర్చున్నా ఆ తలుపు తీయాల్సింది తనే అని తెలుసు. చివరికి లేచి సారలమ్మ పెరటి తలుపు తోసింది. ఇన్నేళ్లలో ఆ తలుపు కొట్టింది లేదు. ఆ రోజు ముందు కొట్టి, తర్వాత తోసింది.

సారలమ్మ గడపలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసి, చీర కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"రాండ్రి మేడం. కూసోండ్రి." లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి వేసింది.

అన్నపూర్ణ కుర్చీ వంక చూసింది. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ నేల మీదే కూర్చునేది, సారలమ్మ పక్కన, ఒలిచే గింజల్లో సగం నోట్లో వేసుకుంటూ.

"మేడం ఏందక్కా" అంది.

"గట్ల అనాలె గద. నా మాట పిల్లకు అంటుకుంటదని నాకు తెల్వదు. ఇదివరకే ఎవరన్న చెప్పి ఉంటే దూరం జరుగుతుంటి. మీరు బాధపడుకుంట ఇన్నేండ్లు ఉన్నరు."

ఆ మాటల్లో దెప్పిపొడుపు ఏమన్నా ఉందా అని అన్నపూర్ణ వెతుక్కుంది. ఉంటే బాగుండు. లేదు. ఆ మనిషి నిజంగానే తన వల్ల తప్పు జరిగిందేమో అన్నట్టు నిలబడి ఉంది. అన్నపూర్ణ కుర్చీ పక్కకు జరిపి నేల మీద చతికిలబడింది.

"నాకు ఈ రోజే తెలిసిందక్కా. గొట్టం కిందికి వినపడుతుందని తెలియదు."

అన్నాక గానీ ఆ మాట ఎంత నీచంగా ఉందో ఆమెకు తెలియలేదు. వినపడదనుకునే అన్నాను అని చెప్పుకుంటోంది.

సారలమ్మ కూర్చుంది. చేట ఒళ్లోకి తీసుకుంది గానీ కాయ ఒలవలేదు.

"నన్ను అన్నయి నాకు పట్టింపు లేదు. పిల్లను ఎత్తుకునేతందుకు తోల్కపోతున్నరని నాకు ముందుగాల్నే ఎరుక. సంబరంగనే వచ్చిన. సముద్రం చూసిన. క్వార్టర్ల రూలు అబద్ధమని గూడ ఎరుకనే, మా ఆయన ఎవర్నో అడిగిండు. పోనీ, అయినోళ్లు పోయేటప్పుడు గంత అబద్ధం ఆడుతరు తియ్యి అనుకున్న." ఆమె చేటలో కాయలు ఒక పక్కకు నెట్టింది. "కాని కరుణ ముచ్చట నీకు ఎందుకు చెప్పిన్నో యాది ఉన్నదా?"

'నీకు' అనగానే అన్నపూర్ణ చటుక్కున తలెత్తింది. సారలమ్మ దాన్ని గమనించనే లేదు.

"నువ్వు మంచం పట్టి, నాకింక బతుకు లేదక్కా అని ఏడుస్తుంటివి. కడుపుల పుట్టకున్న బిడ్డ బిడ్డనే అని నీకు చూపెట్టాలని చెప్పిన. మా ఆయనకు, నాకు, ఉప్పలమ్మకు తప్ప భూమ్మీద ఎవ్వరికి తెల్వని ముచ్చట. ఉప్పలమ్మనే మంత్రసాని. నువ్వు గా రోజు లేచి నాతోని గంజి తాగినవ్. గందుకు నాకు ఎన్నడు బాధ కాలే, చెప్పినందుకు. ఆ ఓడల దాంక."

అన్నపూర్ణ చేతులతో మొహం కప్పుకుంది. ఏడ్వడానికి కూడా సిగ్గేసింది. ఏడిస్తే సారలమ్మ ఓదారుస్తుంది. ఆమె ఓదార్పు తీసుకునే మొహం తనకు లేదు.

"పిల్లది అరుస్తుంటే నేను గాడనే ఉన్న" అంది సారలమ్మ. "నోరు మూద్దామనుకున్న. చెయ్యి లేవలే. కరుణ పిల్లను మెల్లగ కిందికి దించింది. టోపీ సరిగ్గ పెట్టింది. మంచిగ చెప్పినవ్ అన్నది. అన్నంక నా దిక్కు చూసింది. అంతే. ఒక్క మాట అడగలే. రైల్ దిగినంక పరీక్షలున్నయని సీదా హాస్టల్‌కు పోయింది. ఇంటికి వస్తలేదు. నేను పోతే కిందికి దిగలే. మా ఆయనకు ఇంక తెల్వదు. ఆయనకు తెలిస్తే ఏమైతడో."

"నేనేం చెయ్యాలో చెప్పక్కా. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా."

"నా కాళ్లు ఎందుకు? దాని దగ్గరికి పో." సారలమ్మ చేట పక్కన పెట్టి, మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూసింది. "పోయి అబద్ధమని చెప్పు. అమృతమ్మ ముంగట గొప్పకు పోయి, నేనే పుట్టించి చెప్పిన అను. నా బిడ్డ నాకు కావాలె. నువ్వు అబద్ధాలకోరువని నలుగురికి తెలిస్తే తెలువని. గంతన్న చెయ్యి నా కోసం."

అన్నపూర్ణ సరేనంది. సరే అనక ఏమంటుంది? ఒక ఆడదాని బిడ్డ మీద ఇంత దుర్మార్గపు కథ కల్పించిన మనిషిగా కొత్త ఇరుగుపొరుగులో అడుగుపెట్టాలి. పెట్టనీ అనుకుంది. నిజం చెప్పి పాడు చేసినదాన్ని, అబద్ధం చెప్పి సరిదిద్దుకోమంటోంది సారలమ్మ. అది తప్పో ఒప్పో ఆలోచించే అర్హత కూడా తనకు లేదనిపించింది.

బయల్దేరబోతుంటే రాఘవేంద్ర ఏదో పని మీద వచ్చిన స్నేహితుడితో బయటికి వెళ్లాడు. హారికను ఎవరి దగ్గర వదలాలి? ఇన్నేళ్లూ ఆ ప్రశ్నే లేదు. పెరటి తలుపు తీసి లోపలికి తోస్తే సరిపోయేది. అందుకని పిల్లను వెంటబెట్టుకుంది. అది ఆమె తనకు తాను చెప్పుకున్న కారణం. హారిక వచ్చిందంటే కరుణ కిందికి దిగకుండా ఉండలేదని కూడా ఆమెకు తెలుసు. ఆ సంగతి తనకు తెలుసని ఒప్పుకోలేదు, అంతే.

తార్నాక చౌరస్తా నుంచి ఆటో క్యాంపస్ గేటు దాటి, పెద్ద చెట్ల మధ్య రోడ్డు మీదికి వచ్చింది. ఆదివారం కావడంతో ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎవరో పిల్లలు ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటున్నారు. మలుపులో తమ కొత్త క్వార్టర్ కనిపించింది. సున్నం వేసి, కిటికీలకు ఆకుపచ్చ రంగు పూసి ఉంది. నిన్నటి దాకా దాన్ని తలుచుకుంటే కడుపు నిండేది. ఇప్పుడు చూపు తిప్పుకుంది.

హాస్టల్ దగ్గర ఆయాతో కబురు పంపింది. "హారిక వచ్చిందని చెప్పమ్మా" అంది. తన పేరు చెప్పలేదు.

కరుణ వెంటనే దిగి వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది, తల దువ్వుకోలేదు. హారిక పరుగెత్తి నడుము చుట్టేసుకుంటే వంగి ముద్దు పెట్టుకుంది. తర్వాతే అన్నపూర్ణను చూసింది. చిన్నమ్మా అనలేదు, ఆంటీ అనలేదు.

"అమ్మ పంపిందా?"

"లేదు. నేనే వచ్చాను." మొదటి మాటే అబద్ధం.

గేటు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు అన్నపూర్ణ ఒక్క గుక్కలో చెప్పేసింది. నేను ఆ రోజు అన్నది అబద్ధం. పెద్దింటి ఆవిడ ముందు ఏదో ఒకటి చెప్పి మెప్పు పొందాలని కల్పించి చెప్పాను. నా అంత నీచురాలు ఉండదు. నన్ను తిట్టు, కొట్టు, కానీ అమ్మను దూరం చేసుకోకు. ఇందులో నీచురాలు అన్న ఒక్కటే నిజం కాబట్టి, అది చెప్పేటప్పుడు మాత్రం గొంతు వణకలేదు.

కరుణ అంతా వింది.

"కల్పించేటోళ్లు లాలాపేట్, మంత్రసాని అని గిన్ని సంగతులు పెట్టి కల్పిస్తరా?"

"నోటికొచ్చింది అన్నానమ్మా."

"నన్ను ఎవరు కన్నరో తెలుసుకోవాలని నాకు లేదు" అంది కరుణ. హారిక జుట్టులో వేళ్లు పెట్టి చిక్కు తీస్తూ మాట్లాడుతోంది. "అమ్మ అమ్మనే. గది మారది. కాని ఇంటికి పోతే అమ్మ నన్ను చూసి భయపడుతది. నేను ఎప్పుడు అడుగుతనో అని. నేను అమ్మను చూసి భయపడుత. ఇద్దరం ఎట్ల ఉంటం చెప్పండి ఒక్క ఇంట్ల? అబద్ధమైతే ఇప్పుడే బ్యాగు సర్దుకుని మీతోని వస్తా. నిజమైతే, నిజమని నాకు ఎవరన్న ఒక్కరు మొకం మీద చెప్పాలె. చిన్నపిల్ల నోట్ల నుంచి కాదు."

"అబద్ధమే. నేను చెబుతున్నా కదా."

"మీరు అమ్మకు రూలని చెప్పిన్రు. అమృతమ్మకు ఇంకోటి చెప్పిన్రు. ఇప్పుడు నాకు ఇది చెప్తున్నరు. మీ మాట నేను ఎట్ల నమ్మాలె?"

అన్నపూర్ణకు ఉన్న ఒక్క పరువూ ఎప్పుడో పోయింది, ఇప్పుడు మాట కూడా చెల్లడం లేదు. ఆ అమ్మాయి కోపంగా అడిగినా బాగుండేది. నిజంగా నమ్మాలని, నమ్మి ఇంటికి పోవాలని ఆశపడుతూ అడుగుతోంది.

కరుణ హారికను రెండు భుజాలూ పట్టుకుని, మెల్లగా తిప్పి, తల్లికి ఎదురుగా నిలబెట్టింది.

"హారిక నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పండి. అబద్ధమని ఒట్టు వెయ్యండి. ఇగ నేను జన్మల అడగ."

రెండుసార్లు కడుపు పోయాక, మంత్రాలయం మెట్ల మీద పొర్లుదండాలు పెట్టి కన్న బిడ్డ. తుమ్మితే ఉప్పు దిష్టి తీసే బిడ్డ. సారలమ్మ ఇంట్లో గడపలో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. బ్యాగు సర్దుకుని వస్తానంటున్న పిల్ల ఎదురుగా ఉంది. ఒక్క చెయ్యి ఎత్తి, ఒక్క మాట అంటే చాలు.

అన్నపూర్ణ కుడిచెయ్యి ఒళ్లోంచి లేచింది, సగం దాకా వచ్చి గాలిలో ఆగిపోయింది. హారికకు ఇదేదో కొత్త ఆట అనిపించింది. అమ్మకు అందదేమోనని దగ్గరకు జరిగి, తల వంచి ఆ చేతి కింద పెట్టింది.